379 డాలర్ల రైఫిల్: ప్రాజెక్టు డైరీ

సెప్టెంబర్ 6, శనివారం

కొన్నాను. పన్ను కాకుండా 379 డాలర్లు. పాయింట్ 308 వించెస్టర్ (ఇది తూటా రకం పేరు, తుపాకి కంపెనీ పేరు కాదు), బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ బోల్టు అనే గడియను చేత్తో లాగి తోయాలి), 22 అంగుళాల బ్యారెల్, భుజానికి ఆనించే నల్ల ప్లాస్టిక్ స్టాకు. గురి చూసే దుర్భిణి, అంటే స్కోపు కూడా ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చారు. కంపెనీ పేరు ఈ డైరీలో రాయను. తప్పులు రాయాల్సి వస్తుందని ముందే తెలుసు. చేతిలో ఉన్న ఒక్క రైఫిల్‌ను చూసి కంపెనీ మొత్తాన్ని బోనెక్కించడం న్యాయం కాదు.

డాలస్ దగ్గరకు వచ్చి పన్నెండేళ్ళయినా ఇదే మొదటి తుపాకి. హెచ్-1బీ మీద ఉన్నంతకాలం ఆ ఆలోచనే పెట్టుకోలేదు. వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకి ఉంచుకోవడాన్ని ఇక్కడి సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉందిగానీ, ఆ సన్నని సందులోంచి దూరే ధైర్యం నాకు లేకపోయింది. గ్రీన్ కార్డు వచ్చాక, వేటగాళ్ళ శిక్షణ కోర్సు పూర్తి చేసి (టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి అది తప్పనిసరి) దుకాణంలో తుపాకి కొనేవారు నింపాల్సిన 4473 ఫారం నింపాను. నేపథ్య తనిఖీకి పావుగంట పట్టింది.

పల్నాడులో మా తాతయ్యకు పంట రక్షణ లైసెన్సు మీద ఒంటి గొట్టం తుపాకి ఉండేది. అడవిపందుల కోసం. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. అది ఏ కంపెనీదని ఆయనను ఎవరూ అడిగినట్టు నాకు గుర్తు లేదు. పేలుతుందా లేదా, అంతే. ఇక్కడ మాత్రం రైఫిల్ పేరు చెప్పగానే ఎదుటివాడు మన జీతం అంచనా వేసేస్తాడు. ఆఫీసులో ఇద్దరు మిత్రులకు చెప్పాను. ఒకరు “పోనీలెండి, మొదటిది కదా” అన్నారు. రెండోవారు “అది రైఫిల్ కాదండీ, బొమ్మ” అన్నారు. ఈ డైరీ ఆ రెండో మాట వల్ల మొదలైంది.

నవంబర్ 1న వేట కాలం తెరుచుకుంటుంది. ఎనిమిది వారాలు. తెల్లతోక జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల పళ్ళెం అంత ఉంటుంది. ఈ చౌక రైఫిల్ నా చేతుల్లో, 100 గజాల దూరాన, ఎంత చిన్న చోట తూటాలను పెట్టగలదో కొలవాలి. పెట్టలేకపోతే తప్పు ఏ భాగానిదో తేల్చాలి.

సెప్టెంబర్ 7, ఆదివారం

బల్ల మీద పరిచి చూశాను. స్టాకు కింద అచ్చు అతుకు గీత వేలికి గుచ్చుకుంటోంది. బోల్టు వెనక్కు లాగితే ఇసుక రాలుతున్న చప్పుడు. ట్రిగ్గర్‌ను స్ప్రింగ్ కాటాతో తూస్తే ఆరు పౌండ్లు, అంటే సుమారు 2.7 కిలోలు. బరువే. తూటాలు పేర్చే మ్యాగజైన్ మొత్తం ప్లాస్టిక్.

బ్యారెల్‌కూ స్టాకు ముందు భాగానికీ మధ్య కాగితం దూర్చి లాగాను. హాయిగా జారింది. కానీ స్టాకును చేత్తో పట్టి కొద్దిగా నొక్కితే చాలు, అది వంగి బ్యారెల్‌కు ఆనుకుంటోంది. కాగితం కదలదు. ఇది గుర్తు పెట్టుకోవాలి.

బ్యారెల్ లోపలికి లైటు వేసి చూస్తే మాత్రం వంక పెట్టడానికి ఏమీ కనిపించలేదు.

సెప్టెంబర్ 13, శనివారం

మొదటి రోజు. సిగ్గుపడాల్సిన రోజు.

150 గ్రెయిన్ల గుండు, అంటే సుమారు 9.7 గ్రాములు, ఉన్న మామూలు వేట తూటాలు ఒక పెట్టె, ఇరవై. గురి దగ్గరకు తేవడానికే ఎనిమిది పోయాయి. మిగిలిన పన్నెండూ మూడేసి చొప్పున నాలుగు కాగితాల మీద. ఒక్కో కాగితం మీద దూరదూరంగా పడ్డ రెండు చిల్లుల మధ్య కొలత: 2.9 అంగుళాలు, 3.6, 1.4, 4.1.

పక్క బల్ల దగ్గర తెల్లగడ్డం పెద్దాయన ఒకరు నా కాగితాలను దుర్భిణితో చూసి, రైఫిల్ వైపు చూసి, “ఆ కంపెనీదా, అంతేలే” అన్నట్టు తల ఊపారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టుంది నా పని. 4.1 బాధించలేదు, ఆ తల ఊపు బాధించింది.

ఇంటికి వస్తూ ఆలోచిస్తే తట్టిన సంగతి: అంత చెడ్డ తుపాకి అయితే ఆ 1.4 ఎలా వచ్చింది? అదృష్టం కావచ్చు. లేదా ఏదో ఒకటి కదులుతూ ఉండవచ్చు.

సెప్టెంబర్ 16, మంగళవారం రాత్రి

కదులుతోంది. స్కోపును పట్టి ఉంచే దిమ్మెల మరలు నాలుగింటిలో రెండు వేళ్ళతోనే తిరిగాయి. ఫ్యాక్టరీలో ఎవరో శుక్రవారం సాయంత్రం బిగించినట్టున్నారు. మరలన్నీ విప్పి, నూనె తుడిచి, బిగువు కొలిచే రెంచితో చేతిపుస్తకంలో చెప్పిన మేరకు బిగించాను. యాక్షన్‌ను, అంటే బోల్టు కదిలే లోహపు భాగాన్ని, స్టాకుకు పట్టి ఉంచే రెండు పెద్ద మరలు కూడా ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా ఉన్నాయి. వాటినీ సరిచేశాను. ఖర్చు సున్నా, సమయం గంట.

“బొమ్మ” అని పేరు పడ్డ రైఫిళ్ళలో ఎన్ని ఈ గంట పనికి నోచుకోక పడ్డాయో అనిపించింది. 379 డాలర్ల రైఫిల్ కొన్నవారి ఇంట్లో ఆ రెంచి ఉండే అవకాశం తక్కువ. 2000 డాలర్ల రైఫిల్ కొన్నవారి ఇంట్లో ఉంటుంది, లేకపోతే దుకాణంవాడు దగ్గరుండి బిగించి ఇస్తాడు. అయితే దీనితో కంపెనీ తప్పించుకోకూడదు. బిగించి ఇస్తున్నామని డబ్బు తీసుకున్నవారు బిగించాలి.

సెప్టెంబర్ 20, శనివారం

ఈసారి మొదట బైపాడ్ అనే రెండు కాళ్ళ ఊతం మీద పెట్టి కాల్చాను. చిల్లులు ఒకదాని కింద ఒకటి నిలువుగా సాగాయి. నేను ముందుకు ఒరిగి భుజంతో నెట్టిన ప్రతిసారీ స్టాకు వంగి బ్యారెల్‌ను తాకుతోంది. ఆదివారం కాగితం చెప్పింది ఇదే. బైపాడ్ తీసేసి, ఇసుక సంచిని మ్యాగజైన్‌కు దగ్గరగా, స్టాకు గట్టిగా ఉన్న చోట పెట్టాను. మూడేసి తూటాలకు 1.6, 1.9, 1.3. వారం కిందటి తుపాకి ఇదేనా అన్నట్టుంది.

ఆ తరువాత స్కోపుకు చతురస్ర పరీక్ష పెట్టాను. ఒక తూటా కాల్చి, మీటను పైకి ఇన్ని గంట్లు, కుడికి అన్ని గంట్లు, కిందికి, ఎడమకు తిప్పుతూ ప్రతి మూలా ఒక్కొక్కటి కాల్చాలి. చివరికి మొదటి చిల్లు దగ్గరకే రావాలి. రాలేదు. అంగుళంన్నర పక్కకు పడింది. మళ్ళీ చేస్తే ఇంకో చోట. బుద్ధిమంతుడైన స్కోపు తప్పు చెప్పినా ఒకే తప్పు చెబుతుంది. ఇది పూటకో మాట చెబుతోంది.

పెట్టెలో ఉచితంగా వచ్చిన ఆ స్కోపును తీసి పక్కన పెట్టాను. 229 డాలర్లకు ఇంకొకటి తెప్పించాను. ఇంట్లో ప్రశ్న వచ్చింది: “చౌకగా వచ్చిందన్నారు కదండీ?” జవాబు లేదు.

సెప్టెంబర్ 23, మంగళవారం

మరలు బిగించే పని లేదు కాబట్టి ఈ రాత్రి చదువు. చౌక రైఫిల్‌కు చెడ్డ పేరు ఎక్కడ పుట్టింది?

ఒక ఊట 1964లో ఉంది. వించెస్టర్ 70 అనే రైఫిల్ 1936 నుంచి అమెరికన్ వేటగాళ్ళకు ఇలవేల్పు. తయారీ ఖర్చు పెరిగిపోయి 1964లో దాన్ని మార్చారు. తూటాను మొదటి నుంచీ పట్టుకొని నడిపించే పొడవాటి గోరు లాంటి భాగం పోయింది. చెక్క మీద చేత్తో చెక్కే గళ్ళ స్థానంలో అచ్చు ఒత్తిన గళ్ళు వచ్చాయి. జనం దాన్ని ఎంతగా అసహ్యించుకున్నారంటే, ఈనాటికీ వాడిన రైఫిళ్ళ బేరంలో “1964 ముందుది” అనే మాటకు వేరే ధర పలుకుతుంది. పాత గోరు పద్ధతిని కంపెనీ 1990లలో తిరిగి తెచ్చింది. డబ్బు మిగుల్చుకుంటూ కంపెనీ పట్టుబడితే జనం మూడు తరాలు మరిచిపోరు. ఆ కోపం న్యాయమైనదే. అయితే ఆ తరువాత చౌకగా కనిపించిన ప్రతిదాని మీదా ఆ కోపాన్నే పోశారు.

రెండో కథ దీనికి తిరగబడి ఉంటుంది. శావేజ్ 110, 1958. బోల్టు ముఖానికీ తూటా కూర్చునే అరకూ మధ్య ఖాళీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. దాన్ని సరిపెట్టడానికి మిగతావాళ్ళు బ్యారెల్ భుజాన్ని ఓపికగా కోసి సరిచూసేవారు. నికొలస్ బ్రూవర్ అనే రూపకర్త ఆ గొడవ లేకుండా, బ్యారెల్‌ను కొలత తగిలేదాకా మరను తిప్పినట్టు తిప్పి, పెద్ద నట్టుతో అక్కడే బిగించేశాడు. చూడటానికి నీటి పైపు అతుకులా ఉంటుంది. దశాబ్దాలపాటు నవ్వారు. కానీ ఆ పద్ధతిలో పని తగ్గింది, కొలత తప్పలేదు. శావేజ్ రైఫిళ్ళకు గురి విషయంలో మంచి పేరే వచ్చింది. ఈనాడు 400 డాలర్ల లోపు దొరికే చాలా రైఫిళ్ళ మెడ దగ్గర ఆ నట్టే కనిపిస్తుంది. నాదాని మెడకూ ఉంది.

ఇంకొకటి. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 పేరున్న రైఫిల్, చౌక వర్గం కాదు. దాని పాత ట్రిగ్గర్ల మీద ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచి, చివరకు క్లాస్ యాక్షన్ (చాలామంది తరఫున కలిపి వేసిన దావా) ఒప్పందం కింద లక్షల రైఫిళ్ళకు ట్రిగ్గర్లు ఉచితంగా మార్చి ఇస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది. మంచి పేరు కూడా భాగాలవారీగా చూడవలసిందే.

సెప్టెంబర్ 27, శనివారం

కొత్త స్కోపు. ఈసారి మా అమ్మాయి కూడా వచ్చింది, కొలతలు రాయడానికి. పదకొండో తరగతి, గణాంకశాస్త్రం చదువుతోంది. నా పాత కాగితాలు చూసి, “నాన్నా, మూడు చుక్కలతో ఏం తేలుతుంది?” అంది. కారులో కూర్చునే కంప్యూటర్లో వేలసార్లు ఉత్తుత్తి కాల్పులు కాల్పించింది. ఒకే తుపాకి, ఒకే మనిషి. మూడు తూటాల గుంపు సగటున 1 అంగుళం వస్తే, అయిదు తూటాలకు అది సుమారు 1.27 అవుతుంది, పదింటికి 1.58. ఏ భాగమూ మారలేదు, లెక్కపెట్టిన చిల్లులే ఎక్కువ.

“నా రైఫిల్ అంగుళంలో కొడుతుంది” అనే మాట ఇక వింటే, ఎన్ని తూటాలకు, ఎన్ని కాగితాలకు అని అడగాలి. చాలామంది పర్సులో పెట్టుకు తిరిగేది జీవితంలో వచ్చిన అన్నిటికంటే మంచి మూడు చిల్లుల కాగితం. నా దగ్గరా మొదటి రోజు ఆ 1.4 కాగితం ఉండేది, దాన్ని పారేశాను.

కాబట్టి అయిదేసి చొప్పున అయిదు కాగితాలు, ఏదీ దాచకుండా: 1.5, 1.2, 1.9, 1.4, 1.6. సగటు 1.52. ఆ 1.9 నాది. నాలుగో తూటాకు కన్ను మూశాను, మూశానని కాల్చిన క్షణంలోనే తెలిసింది. ఆడలేక మద్దెల ఓడు అనే అవకాశం ఇక లేదు. మద్దెల బాగానే ఉంది.

సెప్టెంబర్ 29, సోమవారం

అంత తొందరగా మెచ్చుకోకూడదు. శనివారం మూడుసార్లు తూటా ముక్కు కిందికి గుచ్చుకొని లోపలికి ఎక్కలేదు. ఇంట్లో ఉత్తుత్తి తూటాలతో పరిశీలిస్తే, మ్యాగజైన్ పెదవుల్లో ఒకటి వంపు తిరిగి ఉంది. కంపెనీకి ఉత్తరం రాశాను. మర్యాదగా జవాబిచ్చి ఇంకొకటి పంపుతామన్నారు.

ఇది చిన్న లోపం కాదు. గురి అర అంగుళం అటూ ఇటూ అయితే జింకకు తెలియదు. రెండో తూటా ఎక్కకపోతే, గాయపడి పారిపోతున్న జంతువును చూస్తూ నిలబడాలి.

అక్టోబర్ 4, 11, శనివారాలు

“బొమ్మ” అన్న మిత్రుడినే పిలిచాను. ఆయన పదిహేనేళ్ళుగా కాలుస్తున్నారు. ఆయన రైఫిల్ ధర స్కోపు కాకుండా 1900 డాలర్లు. అదే 308, అదే పెట్టెలోని తూటాలు. ఇద్దరం రెండు రైఫిళ్ళతోనూ కాల్చాలి. ఒక్కొక్కరు ఒక్కోదానితో అయిదేసి తూటాల కాగితాలు అయిదు. ఒకే రోజైతే భుజం ఊడి వస్తుంది కాబట్టి రెండు వారాలు చేశాం. మ్యాగజైన్ ఇంకా రాలేదు. నా రైఫిల్‌లో తూటాలు ఒక్కొక్కటిగా చేత్తో పెట్టుకున్నాం.

ఆయన చేతిలో ఆయనది: 1.1, 1.4, 0.9, 1.3, 1.2. సగటు 1.18.
ఆయన చేతిలో నాది: 1.3, 1.6, 1.2, 1.5, 1.3. సగటు 1.38.
నా చేతిలో ఆయనది: 1.4, 1.2, 1.6, 1.3, 1.5. సగటు 1.40.
నా చేతిలో నాది: 1.6, 1.3, 1.7, 1.4, 1.5. సగటు 1.50.

రైఫిల్ మారితే తేడా అంగుళంలో ఒకటి రెండు పదో వంతులు. మనిషి మారినా అంతే. ఆ కాస్త తేడా కూడా అయిదు కాగితాలతో రూఢి అయినట్టు కాదని అమ్మాయి హెచ్చరించింది. రూఢి అయిందనే అనుకుందాం. 1500 డాలర్ల పైచిలుకు ధర తేడాకు దక్కింది కొత్తిమీర గింజంత దూరం.

మిత్రుడు కాగితాల వైపు చాలాసేపు చూశారు. తరువాత నా బోల్టును రెండుసార్లు ముందుకూ వెనక్కూ లాగి, “గురి సంగతి ఒప్పుకుంటానండీ. కానీ ఇది తిరగలిలో నూకలు విసురుతున్నట్టుంది. దీన్ని ప్రతి ఏటా చేతిలోకి తీసుకోవాలని మీకు అనిపిస్తుందా?” అన్నారు.

ఆ ప్రశ్నను కొట్టిపారేయలేను. ఆయన రైఫిల్ బోల్టు వెన్నలో కత్తి దిగినట్టు జారుతుంది. ట్రిగ్గర్ గాజు పుల్ల విరిగినట్టు తెగుతుంది. భుజానికి ఎత్తితే కన్ను వెళ్ళి దానంతట అదే స్కోపు వెనక నిలుస్తుంది. ఆయన డబ్బు అక్కడికి పోయింది, అది వృథా కాదు. కాకపోతే దుకాణంలోనూ, కాల్పుల మైదానంలోనూ అందరూ మాట్లాడేది బ్యారెల్ గురించి. చౌక రైఫిల్‌లో కంపెనీ డబ్బు మిగుల్చుకోని భాగం అదొక్కటే. బ్యారెల్‌లో గాళ్ళు తీసే యంత్రానికి ఇది చౌక రైఫిల్ అని తెలియదు. మిగుల్చుకున్నది మెరుగు పెట్టే మనిషి గంటల్లో, ప్లాస్టిక్‌లో, తనిఖీలో.

అక్టోబర్ 18, శనివారం

మూడు రకాల తూటాలు, రకానికి పది. 168 గ్రెయిన్ల పోటీ తూటాలకు (గురి పోటీల్లో వాడేవి) అయిదేసి తూటాల గుంపులు 1.0, 1.2. ఇంకో కంపెనీ 150 గ్రెయిన్లకు 1.6, 1.4. 180 గ్రెయిన్లకు 2.4, 2.2. అంటే పెట్టె మారిస్తే వచ్చే తేడా, రైఫిల్ మారిస్తే వచ్చిన తేడాకు ఎన్నో రెట్లు. ఎవరైనా మొదటి రోజు ఆ 180 పెట్టె ఒక్కటే కొని ఉంటే ఈ రైఫిల్‌ను జీవితాంతం తిట్టేవారు. పోటీ గుండ్లు కాగితానికే గానీ జంతువుకు పనికిరావు కాబట్టి పాత 150 పెట్టెతోనే ఉంటాను.

మ్యాగజైన్ వచ్చింది. యాభై సార్లు ఎక్కించి దించాను, ఒక్కసారీ ఇరుక్కోలేదు.

అక్టోబర్ 22, బుధవారం

తుప్పు. శనివారం తిరిగి వస్తుంటే జల్లు పడింది. బద్ధకించి తడి సంచిలోనే వదిలేశాను. నాలుగు రోజులకు బోల్టు పిడి మీద, నట్టు గాళ్ళలో ఎర్రని చుక్కలు. నూనె గుడ్డతో రుద్దితే పోయాయి. తప్పు నాదే, కానీ మిత్రుడి స్టెయిన్‌లెస్ రైఫిల్ ఈ తప్పును క్షమించి ఉండేది. పైపూత విషయంలో చెడ్డ పేరు సరైనదే.

అక్టోబర్ 25, శనివారం

స్కోపు మార్చినప్పటి నుంచి ప్రతి శనివారం మొదటి తూటాను, చల్లని బ్యారెల్‌తో, ఒకే కాగితం మీద కాలుస్తూ వచ్చాను. ఈ రోజుతో అయిదు. అయిదు వేర్వేరు ఉదయాలు, అయిదు చిల్లులు, 1.8 అంగుళాలు. వేటలో లెక్కకు వచ్చేది ఇదే కాగితం. బీరువా తలుపుకు అంటించాను.

నవంబర్ 1, శనివారం

ఫోర్ట్ వర్త్‌కు పశ్చిమంగా రెండు గంటల దూరంలో ఒక రాంచిలో, రోజుకు ఇంత అని కట్టి. టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుది, వేటకు చాలావరకు అద్దె కట్టాల్సిందే. నాలుగున్నరకల్లా చెక్క మంచె ఎక్కాను. చుట్టూ మెస్కీట్ పొదలు. మన సర్కారు తుమ్మకు దగ్గర చుట్టం, అవే ముళ్ళు. కాసేపు పల్నాడులో ఉన్నట్టే ఉంది.

ఏడు దాటాక పొదల్లోంచి ఒక మగ జింక వచ్చింది. తొంభై గజాలు. పక్కకు తిరిగి నిలబడింది. గాలి నా వైపే వీస్తోంది. ఇంతకంటే ఏ రైఫిలూ అడగదు. నెమ్మదిగా రైఫిల్‌ను కిటికీ అడ్డపట్టీ మీదికి జరుపుతున్నాను. బట్, అంటే స్టాకు వెనక కొస, మంచె పలకకు తగిలింది.

టమ్.

డొల్ల ప్లాస్టిక్. ఆ నిశ్శబ్దంలో అచ్చం మద్దెల మీద అరచేయి పడ్డట్టు మోగింది. తెల్లతోక ఒక్కసారి పైకి లేచింది, అంతే, మెస్కీట్ ముళ్ళు మిగిలాయి. పదిన్నర దాకా కూర్చున్నాను. రెండు ఉడుతలు వచ్చాయి.

నవంబర్ 2, ఆదివారం

బట్ చివర రబ్బరు మెత్త రెండు మరలు విప్పితే ఊడి వచ్చింది. లోపల జానెడు పొడవున ఖాళీ. వేలితో కొడితే నిన్నటి చప్పుడే. అమ్మ ఊరి నుంచి పంపిన బూరుగుదూది దిండు ఒకటి అలమరాలో చిరిగి పడి ఉంది. సగం దూది లాగి, గరిటె కాడతో కూరుతూ నింపాను. ఇప్పుడు కొడితే బస్తా మీద కొట్టినట్టుంది. దిండు ఏమైందని ఇంట్లో ఇంకా అడగలేదు. వచ్చే శనివారానికి మంచె అడిగి ఉంచాను.